ఆ కోటు నాది కాదు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, కడుపునిండా అన్నం తిని, కునుకు అనే మహాకార్యానికి నడుం వాల్చబోతుండగా ఫోను మోగింది. అవతల మా పాత కబడ్డీ కెప్టెను. ఆయన గొంతు ఎప్పుడూ మైదానం అవతలి గీత దగ్గర నిలబడి పిలుస్తున్నట్టే ఉంటుంది. ఫోను చెవికి ఆనించనక్కర్లేదు, పక్కగదిలో పెట్టినా పని జరిగిపోతుంది.

"విన్నావా అబ్బా, ఆమె సచ్చిపోయిందంట. పలమనేరులో. నెలన్నర అయిందంట."

"ఎవరప్పా?"

"అదేనబ్బా, నీ కోటు ఏసుకునిందే, ఆమె."

పాతికేళ్ళు దాటింది. ఆమెకు ఒక పేరుంది. పెళ్ళయ్యాక వచ్చిన ఇంటిపేరు ఇంకొకటుంది. పలమనేరులో సగం బడిపిల్లల ఒంటిమీద ఉన్న యూనిఫారాలు ఆమె చేతిలోంచి వచ్చినవే. ఇవేవీ పనికిరాలేదు. చావు కబురులో కూడా ఆమె 'నీ కోటు వేసుకున్నామె' అయింది. కెప్టెను తప్పేమీ లేదు. ఆ బిరుదు ఇచ్చింది నేనే. కాబట్టి మిగతా సంగతులు ఎలా ఉన్నా ఒక వాక్యం ముందే రాసేస్తాను. ఆ కోటు నాది కాదు. ఆమెదే. కొనుక్కున్నది కూడా కాదు, ఇంట్లో కూర్చుని కుట్టుకున్నది. ముప్ఫైమంది ఎదుట నిలబడి చెప్పాల్సిన ఈ ముక్కను పాతికేళ్ళు ఆలస్యంగా కాగితం మీద పెడుతున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. ఒకసారి ఆమెను నలుగురి నోళ్ళలో వేసిన అనుభవం నాకు చాలు.

కోటు అంటే పెళ్ళికొడుకులు వేసుకుని చెమటలు కక్కేది కాదు. ఇంగ్లీషు సినిమాల్లో కాలేజీ కుర్రాళ్ళు తొడుక్కుంటారే, ఒళ్ళంతా ఉన్ని, చేతులు తోలు, మణికట్టు దగ్గరా నడుం దగ్గరా సాగే పట్టీ, గుండె మీద అరచేయంత ఇంగ్లీషు అక్షరం, అది. జాకెట్ అనాలి. మా చిత్తూరు జిల్లాలో ఆ మాట ఆడవాళ్ళ రవికకు ఎప్పుడో రాసిచ్చేశారు గనక అందరం కోటు అనే అనేవాళ్ళం.

అది తొంభైల చివర, నేను తిరుపతిలో యూనివర్సిటీ చదువు వెలగబెడుతున్న కాలం. ఆ ఏడు మా మగపిల్లల కబడ్డీ జట్టు జోనల్ పోటీలకు వెళ్ళి, చూడవచ్చిన జనం వేరుశనక్కాయల పొట్లం విప్పేలోపు ఓడిపోయి తిరిగొచ్చింది. అందులో నేను రిజర్వు ఆటగాణ్ణి. రిజర్వుల్లోనూ ఆఖరి రిజర్వుని. జట్టు జట్టంతా ఒకేసారి కాళ్ళు విరగ్గొట్టుకున్నా నాకంటే ముందు బస్సు డ్రైవర్ని దింపేవాళ్ళు. ఆటగాళ్ళ వాచీలూ ఉంగరాలూ ఒళ్ళో పోసుకుని కాపలా కాయడమే నా ఆట. అదే ఏడు ఆడపిల్లల జట్టు వరసబెట్టి గెలిచి, ఉత్తరాన ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో జరిగే ఆలిండియా పోటీలకు ఎంపికైంది. బస్టాండు దగ్గర లాడ్జీ ఉన్న ఒక దాత ఆనందం పట్టలేక ముందుకొచ్చి కోట్లు చేయించి ఇచ్చాడు. మగపిల్లలకి.

ఆడపిల్లలకు తలా ఒక స్టీలు క్యారియరు. "ఆడబిడ్డలకు కోట్లేమిటికి సార్, రేపు సంసారంలో పనికొచ్చేది ఇద్దాం" అని మైకులో చెప్పాడాయన. అందరం చప్పట్లు కొట్టాం. నేను కాస్త ఎక్కువే కొట్టాను. అప్పటికే కోటు తొడుక్కుని ఉన్నాను మరి.

ఆ కోటును నేను విప్పితే ఒట్టు. అది వేసుకునే తిన్నాను, అది వేసుకునే పడుకున్నాను. తిరుపతి ఎండకు అందులో ఇడ్లీలా ఉడికాను. మెరూన్ రంగు కారి నా బనియన్లన్నీ కాషాయానికి దగ్గర పడ్డాయి. మా అమ్మ "పిల్లోడు సన్యాసంలో కలస్తాండాడు" అని ఇరుగమ్మ దగ్గర దిగులుపడింది. నలుగురైదుగురు యాత్రికులు నన్ను కొత్తరకం గైడు అనుకుని దర్శనం టికెట్లు యాడ ఇస్తారని అడిగారు.

ఆ కోటును చూసి నవ్వని మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆమె దాన్ని చూసే తీరు వేరు.

తిరుపతి కొర్లగుంటలో, మా వీధిలోనే వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది. సొంతూరు పలమనేరు, నాయనకు పాడి ఆవులు. చిన్నమ్మ రవికలు కుట్టేది, ఈమె కాలేజీ నుంచి రాగానే మిషను తొక్కేది. ఆడపిల్లల జట్టులో ఆమె కుడిమూల. ఆ మూలకు వచ్చిన ఎదుటి జట్టు ఆటగత్తె వెనక్కి నడిచి వెళ్ళిన దాఖలా లేదు, మోసుకుపోవాల్సిందే. చీలమండ ఒకసారి పట్టిందంటే గుళ్ళో ధ్వజస్తంభం పట్టినట్టు. "మిషను తొక్కే కాళ్ళబ్బా ఇవి, కదిలిస్తే కదులుతాయా" అనేది.

పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, ఒక్కటీ మింగకుండా, ఒక్కటీ జారనివ్వకుండా, వీధి వీధినంతా తిట్టగలిగేది. ఎదుటివాళ్ళ మొహం చూసేది కాదు, భుజాలు చూసేది. నన్ను మొదటిసారి చూసిన రోజున, పరిచయానికి బదులుగా, "నీకు ఎడం బుజం అరంగుళం దిగుండాది. మందివి వాచీలు మోసి మోసి అట్లయిందేమో" అంది. ఆ రోజు నుంచి నా పేరు రిజర్వు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసేది. పెళ్ళికూతురి పట్టు రవిక అయినా సరే, లోపలి కుట్టు చూశాకే పైన చూసేది. "పైన ఎవురైనా కుడతారు. లోపల సూడాల" అనేది. ఒకసారి మా తెలుగు లెక్చరరు ఉత్తరీయాన్ని కూడా అంచు తిప్పి చూసి, పెదవి విరిచింది. ఆయన వారం రోజులు దాన్ని వేసుకోలేదు.

ఆలిండియా ఆడిన సర్టిఫికెట్ చేతికొస్తే రైల్వేలో స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు పెట్టాలని ఆమె లెక్క. రేణిగుంట జంక్షన్‌లో టికెట్ కలెక్టర్ కావాలి. "నల్లకోటు ఏసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడతా. నీ మాదిరి ఉత్త పుణ్యానికి తిరిగేవాళ్ళను పట్టుకుని దించేస్తా." ఈ మాట వందసార్లు విన్నాను. వందోసారి కూడా కొత్తగానే ఉండేది, ఎందుకంటే ప్రతిసారీ నన్ను దించే స్టేషను మారేది.

క్యారియర్లు పంచిన మూడో వారంలో మా గేటు దగ్గరికి వచ్చింది.

"ఏమబ్బా రిజర్వూ, నీ కోటు కొన్ని దినాలు ఇయ్యి. ఆదికి కావాల."

ఆది అంటే కొలత. మా వైపు టేపు పెట్టి కొలతలు తీయించుకునే ఆడవాళ్ళు తక్కువ. సరిగ్గా కుదిరిన పాత రవిక ఒకటి తీసుకెళ్ళి ఇస్తే, దర్జీ దాన్ని పరిచి, దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తుంది. అదీ ఆది.

"నువ్వు కోటు కుడతావా?"

"ఆ మంచు ఊర్లో క్యారియరు కప్పుకోని నిలబడమంటావా? రైలెక్కే ముందు టీము ఫోటో తీస్తారంట. అందులో నేను కోటుతోనే ఉండాల. ఇస్తావా, లేదంటే ఒంటిమీద నించి ఒలిచేదా?"

చీలమండలు గుర్తొచ్చి ఇచ్చేశాను. ఒంటికి చాలా రోజుల తరవాత గాలి తగిలింది.

ఆ తరవాతి వారం రోజులు ఆ ఇంటి వసారాలో జరిగింది కుట్టుపని కాదు, రాజసూయ యాగం. ముందు నా కోటును తిరగేసి చాప మీద పరిచింది. లోపల వేలాడే దారాలు చూసి, "ఇది కుట్టినోనికి రెండు సేతులూ ఎడంసేతులేనా?" అంది. కొండమీద చలికి యాత్రికులు కొనుక్కునే మెరూన్ రగ్గు ఒకటి తెచ్చి ఒంటిభాగం కత్తిరించింది. చేతులకు తోలు ఎక్కడిది? రైల్వే స్టేషను ఎదుట ఆటో సీట్లు కుట్టే ఆయన దగ్గర పాల మీగడ రంగు రెగ్జిను ముక్కలు పట్టుకొచ్చింది. రవికలు కుట్టి బతికిన ఆ ముసలి మిషను జన్మలో రెగ్జిను ఎరగదు. సూదులు పటపటా విరిగాయి. మిషను పాదం రెగ్జినుకు అతుక్కుపోయి కదలనంది. ఈమె ఒక్క క్షణం ఆలోచించి, చిన్నమ్మ ముఖం పౌడరు డబ్బా తెచ్చి రెగ్జిను నిండా చల్లింది. పాదం వెన్నమీద జారినట్టు జారింది.

"ఏమ్మే, పండగ దినం కూడా మొగానికి ఇంత పూసుకోవు, ఆటో సీటుకు పూస్తాండావా!" అని చిన్నమ్మ గుండెలు బాదుకుంది.

"నాకన్నా దానికే జాస్తి అవసరంలే సిన్నమ్మా."

మణికట్టు పట్టీలకు తన ఆటమేజోళ్ళ పైభాగాలు కోసింది. నడుం పట్టీకి వాళ్ళ నాయన పాత స్వెట్టరు అంచు. గుండె మీద అక్షరానికి పసుపుపచ్చ టర్కీ తువ్వాలు. నూలు పోగులు లేచి నిలబడి, మా కోట్ల మీద కంపెనీ అక్షరం కంటే అది నిండుగా కనబడింది. ప్రెస్ బటన్లు గాంధీరోడ్డులో బ్యాగులు కుట్టే చోట కొట్టించుకొచ్చింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? కొలత మగవాడి కోటుదైనా కత్తెర రవికలది. ఛాతీ దగ్గర ఎత్తు వచ్చేలా రెండు పక్కలా గుడ్డ మడిచి డాట్లు పట్టింది, కుడి అంచు ఎడమ దాని మీదకు వచ్చేలా బటన్లు పెట్టింది. మగవాళ్ళ కోటుకు ఎడమ అంచు పైకి వస్తుంది. చూసే కళ్ళకు ఆ కోటు తనంతట తానే 'నేను ఆడపిల్ల కోటును' అని అరిచి చెబుతుంది. చూసే కళ్ళు ఉండాలి, అంతే.

ఫోటో రోజు పొద్దున మైదానానికి వేసుకొచ్చింది. నిజం చెబుతున్నాను, మా పన్నెండు కోట్లూ దాని ముందు గోనెసంచులు. భుజం మీద ముడత లేదు. నడుస్తుంటే రెగ్జిను చేతులు ఎండకు మెరిశాయి. ఆడపిల్లల జట్టంతా చుట్టూ మూగి, పట్టి పట్టి చూసి, మాక్కూడా అన్నారు. "ఆ ఊరినించి వచ్చినాక అందరికీ కుడతా, ఆదికి రిజర్వు ఉండాడు గదా" అంది.

నా కోటు అప్పటికి వాళ్ళింట్లోనే ఉంది. కాలరు సరిచూసుకోవాలి ఉంచమని ఆమె అడిగితే, మెడ చుట్టూ చెమటకాయలు మానే దాకా ఉంచుకోమని నేనే అన్నాను. అంటే ఆ పొద్దున మైదానంలో లెక్క ఇలా ఉంది. మగపిల్లల్లో పదకొండుమందికి కోట్లున్నాయి. ఒకడికి లేదు. ఆడపిల్లల్లో ఎవరికీ లేదు. ఒకామెకుంది. తిరుపతిలో ఈ లెక్కకు కాగితం అక్కర్లేదు.

వ్యాయామం చూసే సారు విజిలు మెడలో వేసుకుని వచ్చారు. మేమంతా పీడీ సారనేవాళ్ళం.

"ఎవరిదమ్మా ఈ కోటు?"

"నాదే సార్. నేనే కుట్టుకున్నా."

"నువ్వే కుట్టుకున్నావా! అక్షరం గూడా నువ్వే పుట్టించినావా?" మగపిల్లలు నవ్వారు. ఆయన కళ్ళు మా వరస మీదకు తిరిగి, నా దగ్గర ఆగాయి. "ఏమబ్బా, నీ కోటేది?"

నా జీవితంలో అంతవరకూ నా వైపు అంతమంది ఒకేసారి చూడలేదు. ముప్ఫై జతల కళ్ళు. ఆమె కూడా చూస్తోంది. ఆమె మొహంలో కంగారు ఏమీ లేదు. వీడు ఇప్పుడు చెబుతాడు, అయిపోతుంది అన్నట్టుంది. చెప్పాల్సింది చిన్న మాట. 'ఆదికి ఇచ్చినాను సార్, మా వీధిలోనే ఉండాది, తెచ్చి చూపిస్తా.'

నేను తల గోక్కున్నాను. నేల చూశాను. ముసిముసిగా నవ్వాను. తరవాత అన్నాను.

"సలికాలం గదా సార్. ఎవురికి సలేస్తే వాళ్ళు ఏసుకుంటారు."

మైదానం ఘొల్లుమంది. కెప్టెను నేలమీద పడి దొర్లాడు. పీడీ సారు విజిలు నోట్లో పెట్టుకుని నవ్వబోతే అది కుయ్యిమని మోగింది, దానికి ఇంకోసారి నవ్వారు. ఈ రోజుకీ వేదికల మీద నాలుగు నవ్వులు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. అంత పెద్ద నవ్వు మళ్ళీ నాకు దొరకలేదు. అది నా మొదటి జోకు.

ఆమె ప్రెస్ బటన్లు పైనుంచి కిందిదాకా టప టపా విప్పింది. "తిరగేసి సూడండి సార్, నా కుట్టు నాకు తెల్దా" అని కోటు ఆయన ముందు పట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ముందు ఎవరిది వాళ్ళకిచ్చేసి ఫోటోకి రామ్మా" అన్నాడు. ఆమె ఫోటోకి నిలబడకుండా వెళ్ళిపోయింది.

తిరుపతి నుంచి పలమనేరుకు బస్సులో మూడు గంటల పైనే. ఈ కబురు ఏ బస్సెక్కిందో గాని అంతకంటే ముందే చేరింది. మరుసటి రోజు వాళ్ళ నాయన దిగాడు. వాళ్ళ చిన్నమ్మ మా గేటు దగ్గరికి పరుగున వచ్చి, "అబ్బోడా, ఒక్క నిమిషం వచ్చి మా బావకు సెప్పు నాయనా, ఆదికి ఇచ్చినానని సెప్పు" అంది. "చొక్కా వేసుకుని వస్తా పిన్నీ" అని లోపలికి వెళ్ళి, వేసుకుని, పెరటి గోడ దూకి, కొండబస్సు ఎక్కాను.

భయం ఒకటే కాదు. అప్పటికి ఒకరోజుగా నేను మొనగాణ్ణి. హాస్టల్లో వాచీలు కాపలా పెట్టినవాళ్ళే నాకు టీలు తాగించారు. ఆ వైభవాన్ని ఒక్క వాక్యంతో పోగొట్టుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. కొండమీద రెండు రోజులున్నాను. ఎందుకొచ్చావని ఇంట్లో అడిగితే ఒక కారణం ఉండాలి కదా అని, ఏ మొక్కూ లేకుండా గుండు చేయించుకున్నాను. దేవుడికి అంత అబద్ధపు జుట్టు ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. దిగొచ్చాక ఆ గుండు చూసి యూనివర్సిటీ అంతా 'పాపం, అమ్మాయిని తీసకపోయినారని గుండు కొట్టించుకున్నాడు' అనుకుంది. దాన్నీ కాదనలేదు.

నేను కొండమీద ఉన్న రోజు ఆమె రెండు కోట్లూ మంచం మీద పక్కపక్కన పరిచిందట. "ఇది ఆ అబ్బోనిది. ఇది నాది. సూడు నాయనా." ఆయన చూశాడట. పాలు పితికే మనిషి, కుట్లూ డాట్లూ ఆయనకేం తెలుస్తాయి? "రెండుండాయి, సరే. వాని కోటు మనింట్లో ఎందుకుండాది?" అన్నాడట. "ఆ పిల్లోని నోటితో ఒక మాట సెప్పించండి, నేనే రేణిగుంటకు పోయి రైలెక్కిచ్చి వస్తా" అని కూడా అన్నాడట. సాయంకాలం బస్సు వేళ దాకా మా వీధి చివర దాకా నడిచి, వెనక్కొచ్చి, మళ్ళీ నడిచి, చివరికి బిడ్డను తీసుకుని వెళ్ళిపోయాడట. చిన్నమ్మ ఇదంతా నాకు చెప్పి, నా కోటును పాత చీరముక్కలో చుట్టి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి విప్పి చూస్తే, లోపల వేలాడే దారాలన్నీ తెంపి, చంకలో ఊడిన కుట్టు మళ్ళీ వేసి ఉంది.

రేణిగుంటలో రైలు ఆమె లేకుండానే కదిలింది. వాళ్ళ జట్టు ఆ మంచు ఊళ్ళో రెండో మ్యాచిలో ఓడింది. కుడిమూల నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయారని విన్నాను.

ఆరేడేళ్ళు గడిచాయి. నాకు జుట్టు వచ్చింది, పొట్ట వచ్చింది, హాస్యం చెబుతాడన్న పేరూ వచ్చింది. పలమనేరులో ఒక బడి వార్షికోత్సవానికి నవ్వించమని పిలిచారు. ఆమె అక్కడే బస్టాండు వెనక సందులో మిషను పెట్టుకుందని తెలుసు. ఊరికే ఎలా వెళ్ళడం? సందు మొదట్లో ఆగి, చొక్కా మూడో గుండీ నేనే పట్టి లాగేసుకుని, ఊడిన గుండీ అరచేతిలో పెట్టుకుని వెళ్ళాను.

నీలం రంగు యూనిఫారాల కొండ వెనక కూర్చునుంది. తల ఎత్తకుండా నా భుజాల వైపు చూసింది.

"ఏమబ్బా రిజర్వూ. ఈడికొచ్చినావే."

"గుండీ ఊడింది."

చొక్కా మీద మిగిలిన దారపు కొస వేలితో పట్టి చూసింది. "ఊడలా. పీకినావు."

చొక్కా విప్పబోతే వద్దంది. సూదిలో దారం ఎక్కించి, ఒక దారప్పోగు తెంపి నా నోటి దగ్గర పట్టింది. "ఒంటిమీద ఉండే గుడ్డకు కుట్టేటప్పుడు ఇది పండ్లతో పట్టుకోవాల. మా సిన్నమ్మ పద్ధతి. అయ్యేదాకా నోరు తెరవగూడదు."

క్షమాపణ చెప్పడానికి తిరుపతి నుంచి వల్లించుకుంటూ వచ్చిన పెద్ద ప్రసంగం దారప్పోగు వెనక ఉండిపోయింది. ఆమె కుడుతూ, గుండీతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"ఆ కోటు సంగతి అడగాలనుకుంటాండావు గదా. అదే సలికాలం మా ఆవు ఈనింది. ఈ ఊరి సలి నీకు తెల్దు. దూడ వణకతా ఉంటే, నాయన ఆ కోటే తెచ్చి కప్పమన్న్యాడు. కప్పినా. ముందుకాళ్ళు సేతుల్లో దూర్చి, బటన్లు ఏసినా. బాగా కుదిరింది. దూడకు గూడా రొమ్ము ఎడల్పే." కొంచెం నవ్వినట్టే నవ్వింది. "పీడీ సారు తిట్టినదానికి నాకు బాధ ల్యా. పెద్దాయన, ఆయనకు కుట్టు సంగతి ఏం తెలుస్తాది. మానాయన మీద గూడా కోపం ల్యా. నువ్వొస్తావని సాయంకాలం దాకా నిలబన్న్యాడు. నాకన్నా ఆయనే జాస్తి నమ్మినాడు, వస్తావని."

నాలుగు చుట్లు చుట్టి, ముడివేసి, వంగి దారం పంటితో కొరికింది. నేను నోట్లో పోగు తీసేశాను. మహాప్రసంగంలో ఒక్క ముక్క గుర్తొచ్చింది.

"అప్పుడేం తెలుసు... ఇరవై ఏళ్ళు. తెలిసీ తెలియని వయసు."

ఆమె సూదిని చీరకుచ్చెళ్ళ దగ్గర గుచ్చుకుని, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"నాకూ ఇరవయ్యేనబ్బా."